పీసీఓడీ మాత్రలు, తగ్గిన కోరిక: ముందు తేదీలు రాసుకోండి

ప్రశ్న: నా వయసు 29. మియాపూర్‌లో ఉంటాం, పెళ్ళయి మూడేళ్ళు. పెళ్ళికి ముందు నుంచే పీసీఓడీకి హార్మోన్ మాత్రలు వాడుతున్నాను. మొటిమలు తగ్గడం లేదని పోయిన ఉగాదికి డాక్టరు మాత్ర మార్చారు. వేసవి చివరి నుంచి కలిసినప్పుడు మంట, తరువాత మెల్లగా కోరికే లేకుండా పోయింది. దసరాకు అత్తయ్య, మామయ్య మా దగ్గరికి వచ్చేశారు. మావారు ‘నేనంటే ఇష్టం పోయిందా’ అంటున్నారు. మాత్రలు వాడుతూ భర్తను ఎంచుకున్న స్త్రీలకు తరువాత ఆయన మీద ఆకర్షణ పోతుందని ఒకచోట చదివి భయపడ్డాను. మాత్రలు మానేయాలా? టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించుకోవాలా? డాక్టరు దగ్గరికి ఆయనను కూడా తీసుకెళ్ళాలా?

సమాధానం:

మాత్ర వల్ల కావచ్చు. అందరికీ అలా జరగదు గానీ, మీరు రాసిన వరస చూస్తే మీ విషయంలో మాత్రను అనుమానించడానికి తగిన కారణమే ఉంది. అలాగని ఈ రాత్రే స్ట్రిప్పు తీసి చెత్తబుట్టలో వేయకండి. ఎందుకో కిందికి వెళ్ళాక చెబుతాను.

హైదరాబాదులో స్త్రీల వైద్యురాలిగా చాలాకాలంగా ఈ మాత్రల గురించి ప్రశ్నలు వింటూనే ఉన్నాను. వేడి చేస్తుందా, గర్భసంచి ఎండిపోతుందా, మానేశాక పిల్లలు పుడతారా అని కూర్చోగానే అడుగుతారు. కోరిక తగ్గిందన్న మాట మాత్రం బరువు, మొటిమలు, తలనొప్పి అన్నీ అయిపోయి, చీటీ చేతిలోకి తీసుకుని లేచాక గానీ బయటికి రాదు. కొందరికి అప్పుడు కూడా రాదు. మీరు సూటిగా రాశారు, పైగా ఏది ఎప్పుడు మొదలైందో కూడా రాశారు. సగం పని అక్కడే అయిపోయింది.

ముందు మాత్ర లోపల ఏం చేస్తుందో చూద్దాం. మీరు వాడుతున్నవాటిలో రెండు హార్మోన్లు ఉంటాయి, ఈస్ట్రోజెన్ ఒకటి, ప్రొజెస్టిన్ ఒకటి. ఇవి అండం విడుదలను ఆపుతాయి. అండాశయం విశ్రాంతిలోకి వెళ్ళినప్పుడు అది తయారుచేసే టెస్టోస్టిరాన్ కూడా తగ్గుతుంది. అది మగవారి హార్మోన్ అని మనం చదువుకున్నాం గానీ ఆడవారి ఒంట్లోనూ ఉంటుంది, కొద్ది మోతాదులో. రెండో దెబ్బ కాలేయం నుంచి వస్తుంది. మాత్రలోని ఈస్ట్రోజెన్ వల్ల కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ప్రొటీన్ రక్తంలో ఉన్న టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచుతుంది. జీతం ఇంటికి వచ్చినా బీరువాలో పెట్టి తాళం వేస్తే చేతికి అందనట్టే, హార్మోన్ ఉన్నా ఒంటికి వాడుకోవడానికి దొరకదు. వాడకానికి దొరికే ఆ కాస్త టెస్టోస్టిరాన్ మాత్ర వాడేవారిలో సగానికి, కొన్నిసార్లు అంతకంటే కిందికి పడిపోతుంది.

మొటిమలు తగ్గేదీ, గడ్డం దగ్గర వెంట్రుకలు పలచబడేదీ సరిగ్గా ఈ దారిలోనే. పీసీఓడీ అనే అండాశయాల సమస్యలో టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లు ఎక్కువవుతాయి, దానికి ఈ మాత్రలు రాసేది అందుకే. అంటే మీరు ఏ గుణం కోసం మాత్ర మింగుతున్నారో, కోరిక మీద పనిచేస్తే చేసేది కూడా ఆ గుణమే. ఈ ముక్క చీటీ రాసేటప్పుడే చెప్పాలి. మన దగ్గర ఓపీలో ఆ తీరిక ఎవరికీ ఉండదు, ఉన్నా పెళ్ళికాని అమ్మాయికి, అదీ పక్కన తల్లి కూర్చుని ఉండగా, ఎవరూ చెప్పరు.

ఇంత చెప్పాక, టెస్టోస్టిరాన్ తగ్గిన ప్రతి స్త్రీకీ కోరిక తగ్గాలి కదా? తగ్గదు. 2013లో వచ్చిన ఒక సమీక్ష అంతకుముందు జరిగిన 36 అధ్యయనాలను కలిపి చూసింది. వాటిలో మాత్ర వాడినవారు 8,422 మంది. కోరిక తగ్గిందన్నవారు 15 శాతం. మిగతా 85 శాతంలో ఎక్కువమందికి ఏ తేడా లేదు, కొందరికైతే పెరిగింది కూడా. పెరగడంలో వింత లేదు. నెల తప్పుతుందేమోనన్న భయం పోతే మనసు తేలికపడుతుంది. ముఖం మీద మొటిమలు తగ్గితే భర్త ముందు దీపం ఆర్పాలన్న తొందర తగ్గుతుంది.

అయితే ‘అంతా నీ మనసులోనే ఉంది’ అని ఎవరైనా డాక్టరు మిమ్మల్ని పంపేస్తే ఒప్పుకోకండి. స్వీడన్‌లో 340 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు మాత్ర, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర మూడు నెలలు ఇచ్చారు. ఎవరిది ఏదో ఇచ్చినవారికీ తెలియదు, మింగినవారికీ తెలియదు. ఫలితం 2016లో వచ్చింది. అసలు మాత్ర వేసుకున్నవారిలో కోరిక, ఉద్రేకం, ఆనందం ఈ మూడూ కొంత తగ్గాయి. భావప్రాప్తిలో తేడా రాలేదు, మొత్తం లైంగిక జీవితానికి వేసిన మార్కుల్లోనూ తేడా రాలేదు. వాళ్ళు వాడిన మందు లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ 0.03 మిల్లీగ్రాములు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్నది సరిగ్గా ఇదే. కాబట్టి తేడా నిజం, సగటున చిన్నది. కానీ సగటు చిన్నదైనా ఒక్కొక్కరికి పెద్దగానే తగలవచ్చు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన వార్త. దాని వెనక ఉన్నది బ్రిటన్‌లోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011-12 ప్రాంతంలో ప్రచురించిన అధ్యయనం. రెండున్నర వేల మంది తల్లులను అడిగారు. బిడ్డ తండ్రిని మొదట కలిసిన రోజుల్లో మాత్ర వాడుతున్నవారు, వాడనివారికంటే లైంగిక తృప్తికి తక్కువ మార్కులు వేశారు. వార్తలో ఇంతవరకే రాసి ఉంటారు. అదే అధ్యయనంలో ఆ స్త్రీలు సంసారంలో మిగతా విషయాల్లో ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు, వారి బంధాలు ఎక్కువకాలం నిలిచినట్టు కూడా తేలింది. భయపెట్టని సగం ఎవరికి కావాలి! తరువాత 2018లో ఫిన్లాండ్ పరిశోధకులు మాత్ర మొదలుపెట్టడం, మానడం వల్ల దాంపత్యం నాణ్యత మారుతుందా అని మరింత గట్టిగా పరీక్షిస్తే, అలాంటి ప్రభావం కనబడలేదు.

అన్నిటికంటే ముందు, మీ పెళ్ళి ఎలా జరిగిందో గుర్తు చేసుకోండి. మాత్ర వల్ల భర్త ఎంపిక మారుతుందన్న ఆ సిద్ధాంతం వాసన చూసి, ముఖం చూసి, మనసు లాగి మగవాడిని ఎంచుకునే స్త్రీ గురించి. మన దగ్గర ఫోటో, జాతకం, జీతం, పెదనాన్నగారి అభిప్రాయం అన్నీ దాటుకుని వచ్చాక పెళ్ళిచూపుల్లో ఒక అరగంట దొరుకుతుంది. మీది ప్రేమ పెళ్ళే అయినా, మూడేళ్ళలో మొదటి రెండేళ్ళు అదే రకం మాత్ర వాడుతూనే ఆయనతో బాగున్నారు. ఆ వార్తను పక్కన పెట్టేయండి.

మీ తేదీల దగ్గరికి వద్దాం. ఉగాదికి మాత్ర మారింది. వేసవి చివరికి మంట మొదలైంది. ఆ తరువాత కోరిక తగ్గింది. దసరాకు అత్తమామలు వచ్చారు. చాలామంది ఈ నాలుగింటినీ ఒకే ముద్దగా చెబుతారు, అప్పుడు ఏది ముందో ఏది వెనకో తెలియదు. మీ వరసలో మంట అత్తమామల కంటే ముందే వచ్చింది, కోరిక కంటే కూడా ముందే వచ్చింది. నాకు కీలకంగా తోచింది ఇదే.

మీ ఇంట్లో పాత స్ట్రిప్పు ఒకటి మిగిలి ఉంటే, కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి వెనకవైపు చదవండి. మన మెడికల్ షాపుల్లో వీటిని నల్ల కవరులో చుట్టి, ఏదో దొంగసరుకు ఇచ్చినట్టు ఇస్తారు. అలా చుట్టిన కవరు చుట్టినట్టే బీరువాలో చీరల కిందికి వెళ్ళిపోతుంది. ఏళ్ళ తరబడి వాడుతూ మందు పేరు తెలియనివారు కోకొల్లలు. పైన పెద్ద అక్షరాలతో ఉండే బ్రాండు పేరు వదిలేయండి, వెనక సన్నటి అక్షరాలు చూడండి. మొటిమల కోసం మార్చారన్నారు కాబట్టి కొత్తదానిలో డ్రోస్పిరినోన్ గానీ సైప్రొటిరోన్ గానీ ఉండే అవకాశం ఎక్కువ. ఇవి టెస్టోస్టిరాన్ పనికి నేరుగా అడ్డుపడే ప్రొజెస్టిన్ రకాలు. ఈస్ట్రోజెన్ మోతాదు కూడా చూడండి. 0.03 ఉన్నదానినుంచి 0.02కి మార్చి ఉంటే, కొందరికి యోని పొడిబారుతుంది. కొందరికి ద్వారం దగ్గరి సన్నని చర్మం సున్నితమై, ముట్టుకుంటేనే మంట పుడుతుంది.

మంట పుట్టాక ఏమవుతుందో ఏ స్త్రీకీ చెప్పనక్కరలేదు. రెండు మూడుసార్లు నొప్పి పడ్డాక, నాలుగోసారి ఆయన చెయ్యి వేయగానే ఒళ్ళు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే తడి రాదు, తడి లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువ. కొన్నాళ్ళకు మనసు ఆ దారే మూసేసుకుంటుంది. బయటికి అది ‘కోరిక లేకపోవడం’గా కనిపిస్తుంది. మీ విషయంలో మొదలు ఇదే అయి ఉండవచ్చని నా అంచనా. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఎందుకంటే మంటకు ఇంకో మామూలు కారణం ఫంగస్ ఇన్ఫెక్షన్. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే అదే కావచ్చు. పీసీఓడీ ఉన్నవారికి షుగరు వచ్చే ముప్పు ఎక్కువ, షుగరు ఉంటే ఫంగస్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. కాబట్టి లోపలి పరీక్ష ఒకటి, షుగరు పరీక్ష ఒకటి చేయించుకోండి.

ఈలోగా నొప్పితో కలవడం పూర్తిగా ఆపేయండి, ‘పాపం ఆయన’ అని పళ్ళు బిగబట్టుకోవద్దు. తడి కోసం మందుల షాపులో నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది. కొబ్బరినూనె వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. కండోమ్ వాడుతుంటే వద్దు, నూనె తగిలితే లేటెక్స్ బలహీనపడి చిరుగుతుంది.

స్ట్రిప్పు పారేయవద్దని ఎందుకన్నానంటే, మధ్యలో మానితే రక్తస్రావం మొదలవుతుంది, గర్భం కూడా రావచ్చు. ‘ఇన్నేళ్ళు వాడాను, వెంటనే రాదులే’ అన్న ధైర్యం పనికిరాదు, చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల్లో అండం విడుదల తిరిగి మొదలవుతుంది. పైగా మీకు ఈ మాత్ర గర్భనిరోధకం మాత్రమే కాదు, వైద్యం కూడా. పీసీఓడీలో నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, దీర్ఘకాలంలో అది మంచిది కాదు. కనీసం మూడు నెలలకు ఒకసారైనా ఆ పొర రాలిపోయేలా చూసుకోవాలి. ఏమీ వాడకుండా వదిలేద్దామంటే కుదరనిది ఇక్కడే.

ప్రత్యామ్నాయాల్లో అన్నిటికంటే సులువైనది పాత మాత్రకు తిరిగి వెళ్ళడం. మొదటి రెండేళ్ళు దానితో బాగున్నారు కదా. మొటిమలు కొంత తిరిగి రావచ్చు, వాటికి పైపూత మందులు ఉన్నాయి. అసలు హార్మోన్ మాత్రే వద్దనుకుంటే గర్భసంచిలో అమర్చే కాపర్-టి ఉంది. అందులో హార్మోన్ ఏదీ లేదు, 380ఎ రకం పదేళ్ళు, 375 రకం ఐదేళ్ళు పనిచేస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కానీ నెలసరిలో రక్తం, నొప్పి పెరగవచ్చు, పీసీఓడీకి అదేమీ చేయదు. అలాగే లోపల అమర్చే, లెవోనార్జెస్ట్రెల్ ఉన్న లూప్ గర్భసంచి పొరను కాపాడుతుంది, రక్తంలోకి వెళ్ళే హార్మోన్ తక్కువ. ఖరీదు మాత్రం వేలల్లో. కొన్నేళ్ళ వరకు పిల్లలు వద్దనుకునేవారికే గిట్టుబాటు.

సహేలీ అనే గర్భనిరోధక మాత్ర హార్మోన్ కాదు కదా, అది వేసుకోనా అని మీరు అడుగుతారని తెలుసు, పీసీఓడీవాళ్ళందరూ అడుగుతారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మంచి మందు అది. ఇప్పుడు ప్రభుత్వం ‘ఛాయ’ పేరుతో ఉచితంగా ఇస్తోంది. కానీ పీసీఓడీ ఉన్నవారికి తగదు. మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ కూడా మీకు నేను చెప్పను. దానితో బరువు పెరగవచ్చు, నెలసరి అస్తవ్యస్తమవుతుంది, ఆపాక గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. దసరాకు వచ్చిన అత్తయ్య ‘ఏమైనా విశేషమా’ అని ఈపాటికి అడిగే ఉంటారు కదా.

ఏది మార్చినా ఒక్కటే మార్చండి, మార్చి మూడు నెలలు ఆగి చూడండి. పెరిగిన ఎస్‌హెచ్‌బీజీ వెంటనే దిగిపోదు. మాత్ర మార్చడం, జిమ్‌లో చేరడం, అశ్వగంధ మొదలుపెట్టడం, ఇల్లు మారడం అన్నీ ఒకే నెలలో చేస్తే ఏది పనిచేసిందో భగవంతుడికే తెలియాలి. కేలెండరులో మూడు గుర్తులు చాలు: నొప్పి ఉందా, కోరిక తనంతట తాను కలిగిందా, కలిసినప్పుడు తృప్తి దొరికిందా. ఈ మూడూ వేరువేరు. నొప్పి పోయినా కోరిక రాకపోవచ్చు. కోరిక అదే మోతాదులో ఉండి తృప్తి పెరగవచ్చు. కెనడా వైద్యురాలు రోజ్‌మరీ బాసన్ 2000 సంవత్సరంలో చెప్పిన విషయం ఒకటి మాకు రోజూ పనికొస్తుంది. ఏళ్ళుగా కలిసి ఉంటున్న స్త్రీలలో చాలామందికి కోరిక ముందుగా పుట్టదు, దగ్గరితనం, స్పర్శ మొదలయ్యాక పుడుతుంది. దాన్ని రోగం అనుకుని మందు వెతుక్కునేవారు చాలామంది ఉన్నారు. అలాగే కేవలం సంభోగంతోనే భావప్రాప్తి రాని స్త్రీలే ఎక్కువ. దానికి మాత్రతో సంబంధం లేదు, యోనిశీర్షిక (క్లిటోరిస్) దగ్గర స్పర్శ కావాలి. ఇది మీవారికి ఎవరూ చెప్పి ఉండరు, మీరే చెప్పాలి.

టెస్టోస్టిరాన్ పరీక్షకు డబ్బు పెట్టకండి. మాత్ర వాడుతున్నంతకాలం అది ఎవరికైనా తక్కువే చూపిస్తుంది. ఆ అంకెకూ కోరికకూ పొత్తు కుదరదు కూడా. ఇంటర్నెట్‌లో టెస్టోస్టిరాన్ జెల్ దొరుకుతుందని తెప్పించుకుని పూసుకోవద్దు. పీసీఓడీలో అది మంటలో నెయ్యి. చేయించుకోవలసినవి థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు. నెలసరి తేడాలతోపాటు రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తుంటే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్ష. ఆందోళనకో నిద్రకో ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందు వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అవి కోరికనూ తగ్గిస్తాయి, భావప్రాప్తినీ ఆలస్యం చేస్తాయి. మాత్ర మారినప్పటి నుంచి మనసు దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే అది కూడా దాచకండి. డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా స్త్రీల రికార్డులు చూసిన 2016 అధ్యయనంలో, హార్మోన్ గర్భనిరోధకాలు మొదలుపెట్టినవారికి డిప్రెషన్ మందుల అవసరం కొంత ఎక్కువగా పడినట్టు కనిపించింది.

అత్తమామల సంగతి చిన్నది కాదు, అలాగని దానికి మందూ లేదు. రెండు గదుల ఇంట్లో గడియ వేసిన చప్పుడు హాల్లోకి వినిపిస్తుంటే ఎవరికి మనసవుతుంది? నాకు తెలిసిన జంటలు ఆదివారం పొద్దున పెద్దవాళ్ళు గుడికి వెళ్ళే సమయాన్ని వదులుకోరు. నవ్వకండి, అది కూడా సంసారమే.

ఆఖరి ప్రశ్న, మీవారిని తీసుకురావాలా అని. తీసుకెళ్ళండి. ‘నేనంటే ఇష్టం పోయిందా’ అన్న మనిషికి మాత్ర వల్ల ఒంట్లో ఏమవుతుందో డాక్టరు నోట వింటే సగం అనుమానం తీరుతుంది. ఇంకో సంగతి కూడా అక్కడే ఎత్తవచ్చు. ఈ బరువంతా ఆడదాని ఒంటి మీదే ఎందుకుండాలి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో పెళ్ళయిన స్త్రీలలో పిల్లలు పుట్టకుండా ఆడవారి ఆపరేషన్ మీద ఆధారపడినవారు 38 శాతం దగ్గర ఉంటే, మగవారి ఆపరేషన్ మీద ఆధారపడినవారు 0.3 శాతం. మీకిప్పుడు ఆపరేషన్ అవసరం లేదు గానీ, మాత్ర మార్చి చూసే ఈ మూడు నెలలు కండోమ్ బాధ్యత ఆయన తీసుకోవచ్చు. అయితే డాక్టరుతో మొదటి పది నిమిషాలు మీరొక్కరే మాట్లాడండి, ఆయనను బయట కూర్చోబెట్టండి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఆయనకు చెప్పనిది ఏమైనా ఉందా అన్నవి ఆ పది నిమిషాల్లోనే బయటికి వస్తాయి. రెండు స్ట్రిప్పులూ మాత్రం మరిచిపోకుండా సంచిలో వేసుకోండి, నల్ల కవరు తీసేసి.